పక్కన నిలబడ్డ మనిషి: జాన్ కజేల్

(ఫిల్మ్ సొసైటీలో ‘ది కాన్వర్సేషన్’ సినిమా ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సినిమా మొదలవడానికి ఇంకా కొంచెం టైముంది. ఈలోగా ఒక నటుడి గురించి మాట్లాడతాను. ఈ పేరు చెబితే చాలామందికి గుర్తు రాడు. మొహం చూపిస్తే మాత్రం ‘అరె, ఈయనా!’ అంటారు. వెడల్పాటి నుదురు, లోపలికి పోయిన కళ్లు, సన్నటి ఒళ్లు. ‘ది గాడ్‌ఫాదర్’లో మైకేల్‌కి అన్న ఫ్రెడోగా వేసినాయన. పేరు జాన్ కజేల్.

ఆయన నటించిన ఫీచర్ సినిమాలు మొత్తం ఐదు. 1972లో ‘ది గాడ్‌ఫాదర్’. 1974లో రెండు: ‘ది కాన్వర్సేషన్’, ‘ది గాడ్‌ఫాదర్ పార్ట్ 2’. 1975లో ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’. 1978లో ‘ది డీర్ హంటర్’. ఐదుకి ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి, అందులో మూడు గెలిచాయి. ఆయన గురించి ఎక్కడ ఎవరు రాసినా ముందు ఈ లెక్కే చెబుతారు. నిజమే, ఇలాంటి రికార్డు ఇంకొకరికి ఉండటం కష్టం. కానీ ఈ లెక్క వినగానే చాలామంది ‘అదృష్టవంతుడు, మంచి సినిమాల్లో పడ్డాడు’ అనేసి ఊరుకుంటారు. నాకు అదే బాధ. ఆ సినిమాలు అంత మంచివి కావడంలో ఈయన చెయ్యి ఎంత ఉందో ఎవరూ అడగరు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు ఆయన ఎక్కడివాడో చెబుతాను. 1935 ఆగస్టు 12న అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని రివేర్ అనే ఊళ్లో పుట్టాడు. బోస్టన్‌కి ఆనుకుని, సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ఇటాలియన్, ఐరిష్ మూలాలున్న కుటుంబం. ఓబర్లిన్ కాలేజీలోనూ, ఆ తర్వాత బోస్టన్ యూనివర్సిటీలోనూ నాటకం చదువుకున్నాడు. న్యూయార్క్ వచ్చాక నాటకాల వాళ్లందరూ పడే పాట్లే ఈయనా పడ్డాడు. ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో కాగితాలు అందించే మెసెంజర్‌గా చేశాడు. అదే ఆఫీసులో అదే పని చేస్తున్న ఇంకో కుర్రాడు ఈయన కంటే దాదాపు ఐదేళ్లు చిన్నవాడు. ఆ కుర్రాడే అల్ పచీనో. ఇద్దరి స్నేహం అక్కడే మొదలైంది.

వీళ్లిద్దరూ కలిసి చేసిన నాటకంతో మనకో సంబంధం ఉంది. ఇజ్రాయెల్ హోరోవిట్జ్ రాసిన ‘ది ఇండియన్ వాంట్స్ ది బ్రాంక్స్’ 1968లో న్యూయార్క్‌లో ఆఫ్ బ్రాడ్‌వేలో, అంటే అక్కడి చిన్న థియేటర్లలో, ఆడింది. కథ చాలా చిన్నది. గుప్తా అనే భారతీయుడు కొడుకుని చూడటానికి అమెరికా వచ్చి, రాత్రిపూట న్యూయార్క్‌లో దారి తప్పి, ఒక బస్‌స్టాప్‌లో నిలబడి ఉంటాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. కొడుకు ఉండేది ఆ ఊళ్లోనే బ్రాంక్స్ అనే ప్రాంతంలో అన్నది తప్ప ఇంకేం చెప్పలేడు. అక్కడికి ఇద్దరు ఆకతాయిలు వస్తారు. ముందు వేళాకోళం, తర్వాత తోపులాట, చివరికి కత్తి. ఆ ఆకతాయిల్లో ఒకడు అల్ పచీనో. గుప్తా వేషం కజేల్‌ది. ఇద్దరికీ ఆ ఏడాది ఓబీ అవార్డులు వచ్చాయి. ఆఫ్ బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద గౌరవం అది.

ఇటాలియన్ మూలాలున్న తెల్లాయన భారతీయుడి వేషం వెయ్యడం ఇవాళైతే కుదరదు, కుదరకూడదు కూడా. న్యూయార్క్‌లో ఇప్పుడు ఆ వేషం వెయ్యగల మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఆ మాట అంటూనే, ఆ పాత్ర ఒక నటుడి నుంచి ఏం అడుగుతుందో చూడండి. గుప్తా మాట్లాడేది హిందీ. ఎదుటి ఇద్దరికీ అది అర్థం కాదు, హాల్లో కూర్చున్న ప్రేక్షకులకీ అర్థం కాదు. అంటే ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటీ ఆయనకి పనికిరాదు. ఎదుటివాళ్లని చూస్తూ, వాళ్ల గొంతులో తేడా కనిపెడుతూ, వీడు నాకు సాయం చేస్తాడా, కొడతాడా అని క్షణక్షణం లెక్క వేసుకుంటూ ఉండాలి. వినడమే ఆ పాత్ర. మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నల్లో చాలామందికి ఈ భయం తెలుసు. ఎయిర్‌పోర్ట్‌లో పిల్లలు కనబడేదాకా చేతిలో అడ్రసు కాగితం నలుపుతూ నిలబడ్డవాళ్లకి గుప్తా గురించి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత హోరోవిట్జ్ రాసిన ఇంకో నాటకం ‘లైన్’. అందులో కజేల్‌ని చూసిన క్యాస్టింగ్ డైరెక్టర్ ఫ్రెడ్ రూస్, దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకి ఈయన పేరు చెప్పాడు. కొప్పోలా అప్పుడు ఫ్రెడో కోసం వెతుకుతున్నాడు. అలా ముప్పై ఆరేళ్ల వయసులో జాన్ కజేల్ మొదటి సినిమాలో కనిపించాడు. ఆ మొదటి సినిమా ‘ది గాడ్‌ఫాదర్’.

అదొక మాఫియా కుటుంబం కథ. అందులో ఫ్రెడో కనిపించేది తక్కువ. చెల్లెలి పెళ్లిలో కాస్త మందు పుచ్చుకుని, తమ్ముడు మైకేల్ (ఆ వేషం పచీనోది) తీసుకొచ్చిన అమ్మాయిని పలకరించడానికి వస్తాడు. మొహమంతా ప్రేమే. ఆ తర్వాత తండ్రి మీద హత్యాయత్నం. ఆ సీన్ అందరికీ గుర్తుంటుంది, కానీ మన కళ్లు తండ్రిగా వేసిన మార్లన్ బ్రాండో మీద ఉంటాయి. ఈసారి ఇంటికెళ్లి ఫ్రెడోని చూడండి. తండ్రి పళ్లు కొనుక్కుంటున్నాడు. ఫ్రెడో కారు దగ్గర ఉన్నాడు. తుపాకులు పేలాయి. వీడు బయటికి ఉరికాడు, తుపాకీ తీశాడు, అది చేతిలో నిలవలేదు, జారిపోయింది. చంపడానికి వచ్చినవాళ్లు పారిపోయారు. వీడు ఫుట్‌పాత్ అంచున కూలబడి ఏడుస్తున్నాడు.

ఈ సీన్ ఎన్ని రకాలుగా చెడగొట్టవచ్చో ఆలోచించండి. తుపాకీ జారడాన్ని కొంచెం ఎక్కువ చేస్తే జనం నవ్వుతారు. ఏడుపుని కొంచెం ఎక్కువ చేస్తే ‘అయ్యో పాపం’ అంటారు. కజేల్ ఆ రెండూ అడగడు. తుపాకీ జారింది నిజంగా జారినట్టే ఉంటుంది. ఆ ఏడుపులో తండ్రి పడిపోయాడన్న దుఃఖం ఎంతుందో, నేను ఏం చెయ్యలేకపోయానన్న సిగ్గు అంతే ఉంటుంది. కొన్ని సెకన్లలో ఆ మనిషి జీవితమంతా మనకి తెలిసిపోతుంది. ఇక మీదట వీణ్ని ఎవరూ ఏ పనికీ నమ్మరు. ఆ సంగతి వాడికీ తెలుసు.

తర్వాత వాణ్ని లాస్ వేగాస్ పంపిస్తారు. అక్కడ తమ్ముడు మైకేల్ వచ్చి బేరం మాట్లాడుతుంటే, ఫ్రెడో బయటివాడి పక్షాన మాట్లాడతాడు. ఇంటివాళ్లకి వ్యతిరేకంగా ఇంకెప్పుడూ ఎవరి పక్షమూ తీసుకోవద్దని మైకేల్ నెమ్మదిగా చెబుతాడు. అన్నకి తమ్ముడు చెప్పే బుద్ధి. అప్పుడు కజేల్ మొహంలో కోపం రాదు. ఏదో ఒప్పేసుకున్నట్టు ఉంటుంది, ఆ ఒప్పుకోవడమే భరించలేం. రెండో భాగం కథకి విత్తనం అక్కడే పడింది.

రెండో భాగానికి వచ్చాం కాబట్టి ఒక్క సీన్ దగ్గర కాసేపు ఆగుతాను. నా దృష్టిలో అమెరికన్ సినిమాలో సహాయ నటుడు చేసిన పనికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ లేదు.

టాహో సరస్సు పక్కన వాళ్ల ఇల్లు. చలికాలం. కిటికీ అద్దాల బయట మంచు. ఫ్రెడో శత్రువులకి ఏదో సమాచారం ఇచ్చాడని, దానివల్లే తన మీద హత్యాయత్నం జరిగిందని మైకేల్‌కి అప్పటికే తెలుసు. ఇప్పుడు అన్నతో ముఖాముఖి. మైకేల్ నిలబడి ఉన్నాడు. ఫ్రెడో ఒక వాలు కుర్చీలో ఉన్నాడు, దాదాపు పడుకున్నట్టే. సినిమాల్లో ఇలాంటి పెద్ద సీన్ వస్తే నటుడు లేచి నిలబడాలనుకుంటాడు. నాలుగడుగులు వెయ్యాలి, బల్ల గుద్దాలి, కెమెరా తన వైపు తిరగాలి. కజేల్ ఆ కుర్చీలోనే ఉండిపోయాడు. మొదట్లో చేతులు కూడా కదలవు. నాకేం తెలియదు, వాళ్లు చంపుతారని నాకు తెలియదు అంటాడు. గొంతులో ప్రాణం లేదు.

ఆ తర్వాత అసలు మాట బయటికొస్తుంది. నేను నీ అన్నని, నన్ను దాటేసి నిన్ను కూర్చోబెట్టారు. నాన్న అలా అనుకున్నాడు అంటాడు మైకేల్. నేను అనుకోలేదు అంటాడు ఫ్రెడో. ఎప్పుడూ నాకు చిల్లర పనులే, ఫ్రెడోని అక్కడికి పంపు, ఫ్రెడోని ఇక్కడికి పంపు, ఎయిర్‌పోర్ట్‌కెళ్లి ఫలానావాణ్ని తీసుకురమ్మను. నేను తెలివైనవాణ్ని, అందరూ అనుకున్నట్టు మొద్దుని కాదు, నాకూ మర్యాద కావాలి. ఇదంతా అరుస్తూ లేవడానికి చూస్తాడు. ఆ కుర్చీ లేవనివ్వదు. చేతులు గాల్లో కొట్టుకుంటాయి, నడుము పైకి లేస్తుంది, మళ్లీ వెనక్కి పడతాడు. ఒడ్డున పడ్డ చేపలా ఉంటాడు. గట్టిగా అరిచిన ప్రతిసారీ ఇంకా బలహీనంగా కనిపిస్తాడు.

మన ఇళ్లలో ఈ బాధ తెలియని వీధి లేదు. అన్న ఉండగా తమ్ముడికి పెత్తనం ఇచ్చిన ఇల్లు, పెళ్లిళ్లకి షామియానాలు మాట్లాడటానికీ బస్టాండుకి వెళ్లి చుట్టాల్ని తీసుకురావడానికీ మాత్రమే గుర్తొచ్చే పెద్దన్న. ఆయన నవ్వుతూనే ఉంటాడు. ఎవరూ ఆయన్ని ఏదీ అడగరు. ఇటాలియన్ మాఫియా కథ మనకి ఇంత దగ్గరగా అనిపిస్తోందంటే అందులో సగం పుణ్యం ఈ నటుడిదే అని నేను నమ్ముతాను. ఎందుకంటే స్క్రిప్టులో ఉన్నది ద్రోహి. కజేల్ మనకి చూపించింది అన్న.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సినిమా చివర్లో మైకేల్ సొంత అన్ననే చంపించడం అంత భయంకరంగా ఎందుకు ఉంటుంది? అప్పటికి మైకేల్ చాలామందిని చంపించాడు. మనం పెద్దగా కదల్లేదు. ఫ్రెడో దగ్గరికి వచ్చేసరికి గుండె ఆగిపోతుంది. పడవలో కూర్చుని చేపల కోసం గాలం వేసి, మేరీమాత ప్రార్థన చదువుకుంటూ ఉన్న మనిషి. అతన్ని మనం ప్రేమించాం కాబట్టే మైకేల్ మన కళ్ల ముందు రాక్షసుడయ్యాడు. పచీనో నటన ఎంత గొప్పదైనా, ఆ పతనం ఎంత లోతుకి పోయిందో కొలవడానికి మనకి ఫ్రెడో కావాలి. హీరో ఎంత ఎత్తున ఉన్నాడో, ఎంత కిందికి జారాడో చెప్పేవాడు పక్కన నిలబడ్డవాడే. మన సినిమాల్లో క్యారెక్టర్ ఆర్టిస్టులూ ఇదే పని చేశారు. గుమ్మడి గారు తండ్రిగా కుంగిపోతేనే కదా కొడుకు చేసిన తప్పు మనకి తప్పనిపించేది.

మరి ఇంత చేసిన మనిషికి ఆస్కార్ ఏదీ? ఒక్క నామినేషన్ కూడా రాలేదు. ‘ది గాడ్‌ఫాదర్’కి ఉత్తమ సహాయ నటుడి విభాగంలో పచీనో, జేమ్స్ కాన్, రాబర్ట్ డువాల్ ముగ్గురూ నామినేట్ అయ్యారు. కజేల్ లేడు. రెండో భాగానికి లీ స్ట్రాస్‌బర్గ్, మైకేల్ గాజో, రాబర్ట్ డి నీరో నామినేట్ అయ్యారు, డి నీరో గెలిచాడు. కజేల్ లేడు. ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’కి క్రిస్ సరాండన్. ‘ది డీర్ హంటర్’కి క్రిస్టఫర్ వాకెన్, ఆయన గెలిచాడు కూడా. ప్రతిసారీ పక్కవాడి పేరు పిలిచారు. వాళ్లెవరూ అర్హులు కాదని నేననను. అందరూ గొప్పగా చేశారు. కానీ కజేల్ చేసే పని పైకి కనబడదు. నటిస్తున్నాడని తెలియకపోవడమే ఆయన గొప్పతనం, ఓటు వేసేవాళ్లకి అదే అడ్డమైంది. ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ‘డాగ్ డే’కి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ మాత్రం వచ్చింది.

‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ నిజంగా జరిగిన సంగతి ఆధారంగా తీసిన సినిమా. 1972 ఆగస్టులో బ్రూక్లిన్‌లో ఇద్దరు ఒక బ్యాంకు దోచుకోబోయి, లోపలే ఇరుక్కుపోయి, ఉద్యోగుల్ని బందీలుగా పెట్టుకున్నారు. వాళ్లలో చిన్నవాడి వయసు పద్దెనిమిది. సినిమాలో ఆ పాత్ర పేరు శాల్. పచీనో వెళ్లి, ఈ పాత్రకి కజేల్‌ని తీసుకోమని దర్శకుడు సిడ్నీ ల్యూమెట్‌ని పట్టుబట్టాడు. ల్యూమెట్ ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి వేషానికి నలభైకి దగ్గర పడుతున్న మనిషా? సరే, రమ్మన్నాడు. కజేల్ కొన్ని డైలాగులు చదివాడో లేదో ల్యూమెట్ మనసు మారిపోయింది. ఆ మనిషిలో ఎక్కడినుంచి వస్తోందో తెలియని ఒక దిగులు ఉందని, కెమెరా పెట్టగానే అది కనబడేదని ల్యూమెట్ తర్వాత చెప్పాడు.

అందులో ఒక సీన్ చాలామందికి తెలుసు. దోపిడీ బెడిసికొట్టింది. విమానం తెప్పించుకుని దేశం వదిలిపోదాం అని పచీనో పాత్ర అంటుంది. నువ్వు ఏ దేశం వెళ్లాలనుకుంటున్నావు అని శాల్‌ని అడుగుతాడు. శాల్ చాలాసేపు ఆలోచించి ‘వయోమింగ్’ అంటాడు. వయోమింగ్ అమెరికాలోనే ఒక రాష్ట్రం. అది దేశం కాదురా అని పచీనో పాత్ర చెప్పాలి. ‘వయోమింగ్’ అన్న మాట స్క్రిప్టులో లేదు. కజేల్ అప్పటికప్పుడు అన్నాడు. నవ్వు ఆపుకోలేక టేకు పాడుచేసేవాణ్నే అని ల్యూమెట్ చెప్పుకున్నాడు. హాల్లోనూ జనం నవ్వుతారు. కానీ శాల్ జోక్ వెయ్యలేదు. వాడు నిజంగా ఆలోచించే చెప్పాడు. వాడి ఊహకి అందిన చివరి దూరం అది. నవ్వు వచ్చిన మరుక్షణం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఈ మనిషి జీవితంలో ఎప్పుడూ విమానం ఎక్కలేదని కూడా తర్వాత తెలుస్తుంది. ఇంకో చోట, బ్యాంకులో ఒకావిడ సిగరెట్ ముట్టిస్తే శాల్ మందలిస్తాడు. శరీరం దేవుడి గుడి అంటాడు, నాకు క్యాన్సర్ తెచ్చుకోవాలని లేదంటాడు. ఆ సీన్ ఇప్పుడు చూస్తే నేను తల పక్కకి తిప్పేసుకుంటాను. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

1976 వేసవిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో షేక్స్‌పియర్ నాటకం ‘మెజర్ ఫర్ మెజర్’ వేశారు. కజేల్ ఏంజెలో వేషం. ఇసబెల్లాగా వేసిన అమ్మాయి అప్పటికి ఏడాది క్రితమే యేల్ డ్రామా స్కూల్ నుంచి బయటికొచ్చింది. పేరు మెరిల్ స్ట్రీప్. ఇద్దరూ ప్రేమలో పడ్డారు, ఒకే ఇంట్లో ఉండటం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికే అది ఒళ్లంతా పాకింది.

అప్పుడే ‘ది డీర్ హంటర్’ మొదలవుతోంది. దర్శకుడు మైకేల్ చిమీనో. పెన్సిల్వేనియాలో ఉక్కు కార్మికులు, వాళ్లలో కొందరు వియత్నాం యుద్ధానికి వెళ్లడం. కజేల్‌కి స్టాన్ అనే స్నేహితుడి పాత్ర. జబ్బు సంగతి తెలిసి నిర్మాణ సంస్థ ఇఎంఐ ఆయన్ని తీసేయమంది. ఇన్సూరెన్స్ దొరకదు, మధ్యలో ఏమన్నా అయితే డబ్బంతా పోతుంది. వ్యాపారం వాళ్లది, భయం సహజం. ఆయన్ని తీసేస్తే సినిమానే చెయ్యనని చిమీనో మొండికేశాడు. ఆయన సీన్లన్నీ ముందు తీసేలా షెడ్యూల్ వేసుకున్నాడు. ఇన్సూరెన్స్ డబ్బు రాబర్ట్ డి నీరో కట్టాడని స్ట్రీప్ చెప్పింది. స్ట్రీప్ ఆ సినిమాలో లిండా పాత్ర ఒప్పుకున్నదే ఆయన పక్కన ఉండటానికి. తనకి మొదటి ఆస్కార్ నామినేషన్ కూడా ఆ పాత్రకే వచ్చింది.

ఒక జబ్బు మనిషి కోసం ఇంతమంది ఎందుకు నిలబడ్డారు? జాలితో కొంత, ప్రేమతో చాలా. దానికి తోడు ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. ఆయన పక్కన ఉంటే తాము బాగా నటిస్తామని వాళ్లకి తెలుసు. పచీనో దీన్ని బాహాటంగానే చెబుతాడు. నటన గురించి తను అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది కజేల్ దగ్గరేనని, జీవితమంతా ఆయనతోనే పనిచేస్తూ ఉండిపోవాలని ఉండేదని. ఒక సీన్ మొదలుపెట్టే ముందు కజేల్ ప్రశ్నలు అడుగుతూనే ఉండేవాడట. వీడు ఇక్కడికి ఎందుకొచ్చాడు, వీడికి ఏం కావాలి, ఇప్పుడే ఈ మాట ఎందుకంటున్నాడు. ప్రశ్న అడిగితే చాలు, జవాబు దొరికి తీరాలని లేదని ఆయన దగ్గరే నేర్చుకున్నానంటాడు పచీనో. నాటకాల్లో పనిచేసే పిల్లలు ఇక్కడ కొంతమంది కనిపిస్తున్నారు. మీరు ఈ మాట రాసిపెట్టుకోండి. పాత్ర మొత్తం నాకు అర్థమైపోయింది అనుకున్న రోజు ఇక వెతకడం మానేస్తాం. ఫ్రెడో మనకి పూర్తిగా అంతుచిక్కడు. ఎంత తెలిసి చేశాడో, ఎంత తెలియక చేశాడో యాభై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. నటుడు ఆ తలుపు తెరిచే ఉంచాడు.

‘ది డీర్ హంటర్’లో స్టాన్ మంచివాడేం కాదు. గొప్పలు చెబుతాడు, చిన్న తుపాకీ ఒకటి జేబులో వేసుకుని తిరుగుతాడు. పెళ్లిలో తన అమ్మాయి వేరేవాడితో డాన్స్ చేస్తోందని ఆ అమ్మాయి మీదే చెయ్యి చేసుకుంటాడు. వేటకి వెళ్తూ బూట్లు తెచ్చుకోవడం మర్చిపోతాడు, ఇవ్వమని డి నీరోని అడిగి తిట్లు తింటాడు. చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి, చివరి సినిమా ఇదేనని తెలిసిన మనిషి, తెర మీద మంచివాడిగా మిగిలిపోవాలని అనుకోవడం సహజం. కజేల్ స్టాన్‌ని ఎక్కడా కడిగి శుభ్రం చెయ్యలేదు. వాడి డాంబికం, పిరికితనం, చిల్లరతనం, స్నేహితుల మధ్య చోటు కోసం వాడి తాపత్రయం, అన్నీ ఉన్నదున్నట్టు వదిలేశాడు. నాకు తెలిసినంతలో నటుడికి ఇంతకంటే నిజాయితీ లేదు.

షూటింగ్ అయ్యాక ఆరోగ్యం ఇంకా పాడైంది. మధ్యలో డబ్బు అవసరమై స్ట్రీప్ ఒక టీవీ సీరియల్ కోసం ఆస్ట్రియా వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ఆసుపత్రిలో ఆయన్ని వదల్లేదు. 1978 మార్చి 13న న్యూయార్క్‌లో చనిపోయాడు. వయసు నలభై రెండు. సినిమా విడుదలైంది ఆ డిసెంబరులో. ఆయన దాన్ని చూడలేదు.

తర్వాత కొంతకాలం ఆయన్ని జనం దాదాపు మర్చిపోయారు. ఫ్రెడో గుర్తుండిపోయాడు, కజేల్ పోయాడు. న్యూయార్క్‌లో ఒక చిన్న థియేటర్‌కి ఆయన పేరు కూడా కలిపి పెట్టారు. 2009లో రిచర్డ్ షెపర్డ్ ఆయన మీద నలభై నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. పచీనో, స్ట్రీప్, డి నీరో, జీన్ హ్యాక్‌మన్, కొప్పోలా, ల్యూమెట్ అందులో మాట్లాడారు. ఆయన్ని ఎప్పుడూ కలవని తర్వాతి తరం నటులు ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్, స్టీవ్ బుషెమి, శామ్ రాక్‌వెల్ కూడా వచ్చారు. తాము ఎవర్ని చూసి నేర్చుకున్నామో చెప్పుకోవడానికి వచ్చారు. ఈ ముగ్గురి కెరీర్లు చూడండి. అందంగా లేని, గెలవని, గది మూలన నిలబడే మనుషుల్ని తెర మీదికి తెచ్చినవాళ్లు. వాళ్లకి దారి వేసింది ఎవరో వాళ్లు మర్చిపోలేదు.

ఇక ఇవాళ్టి సినిమా. ‘ది కాన్వర్సేషన్’ కూడా కొప్పోలాదే. రెండు గాడ్‌ఫాదర్ల మధ్యలో తీశాడు. ఆ ఏడాది కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం దీనికే వచ్చింది. జీన్ హ్యాక్‌మన్ హ్యారీ కాల్‌గా వేశాడు. ఇతరుల మాటలు రహస్యంగా రికార్డు చెయ్యడం అతని వృత్తి. ఆ మాటల్లో ఏముందో నాకనవసరం, రికార్డింగ్ శుభ్రంగా రావాలి, అంతే అంటాడు. కజేల్ అతని అసిస్టెంట్ స్టాన్. అవును, ‘డీర్ హంటర్’లోనూ స్టానే, పేరు మాత్రమే కలిసింది. ఈ పాత్రని కొప్పోలా ఆయన్ని దృష్టిలో పెట్టుకునే రాశాడు.

మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్ దగ్గర ఆగిన వ్యాన్‌లో స్టాన్ కనబడతాడు. వ్యాన్ అద్దం బయటివాళ్లకి మామూలు అద్దంలా ఉంటుంది. ఇద్దరమ్మాయిలు అందులో చూసుకుంటూ లిప్‌స్టిక్ సరిచేసుకుంటారు. లోపల స్టాన్ చిన్నపిల్లాడిలా సంబరపడిపోతూ ఫొటోలు తీస్తాడు. కథకి ఈ ముక్క అవసరం లేదనిపిస్తుంది. కానీ హ్యారీకి లేనిది స్టాన్‌కి ఏముందో అక్కడే తెలుస్తుంది. మనుషుల మీద కుతూహలం.

దాని తర్వాత వర్క్‌షాపు సీన్ జాగ్రత్తగా చూడండి. హ్యారీ టేపులు తిప్పుతుంటాడు. స్టాన్ ఊరికే ఉండలేక అడుగుతుంటాడు, వీళ్లెవరు, దేని గురించి మాట్లాడుకుంటున్నారు అని. మనం కూడా అదే అడగాలనుకుంటున్నాం. అంటే స్టాన్ మన తరఫున అడుగుతున్నాడు. హ్యారీ విసుక్కుంటాడు, కసురుకుంటాడు. అప్పుడు మీరు హ్యాక్‌మన్‌ని వదిలేసి కజేల్ మొహం చూడండి. దెబ్బ తగిలిన సంగతి ఎదుటివాడికి తెలియకూడదని ఆయన పడే ప్రయత్నం చూడండి. తర్వాత స్టాన్ వెళ్లి హ్యారీ పోటీదారు దగ్గర చేరతాడు. రహస్యంగా రికార్డు చేసే పరికరాల ప్రదర్శన ఒకటి వస్తుంది, అక్కడ ఇద్దరూ ఎదురుపడినప్పుడు, హ్యారీ వెనక్కి రమ్మని అడగడానికి ఎంత అవస్థ పడతాడో గమనించండి. ఈ ఒంటరి మనిషికి మిగిలిన ఏకైక తోడు ఆ ప్రశ్నలడిగే అసిస్టెంటే అని మనకి అప్పుడు అర్థమవుతుంది.

సినిమా నిడివి 113 నిమిషాలు. సౌండ్ మీద నడిచే సినిమా కాబట్టి దయచేసి ఫోన్లు ఆపేయండి. అయ్యాక మళ్లీ కూర్చుందాం. స్టాన్ వెళ్లిపోవడం తప్పా, హ్యారీ తరిమేశాడా అన్నదాని మీద నాకో అభిప్రాయం ఉంది. ముందు మీరు చెప్పాక నాది చెబుతాను.